బండి కిరాయి మాత్రం మీదే

స్వరూప తెచ్చిన కాకరకాయల సంచి గుమ్మంలోనే ఆగిపోయింది. రత్నబాబు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన చెవి వెనక కావలిపూస సన్నగా వెచ్చబడి, ఆయనకు మాత్రమే వినిపించేలా చెప్పింది.

"వస్తువు, కాకరకాయలు. ధర లేదు. ఇవ్వడానికి కారణం చెప్పలేదు. దయచేసి ఆగండి."

"ఎంతమ్మా?" అన్నాడాయన.

"పందిరి విరగకాసింది బాబాయి గారూ. ఒక్క రూపాయి వేసెయ్యండి, లేకపోతే దీని నస పడలేం," అంది పక్క ఫ్లాటు స్వరూప, తన చెవి వెనక చూపిస్తూ.

రూపాయి ఈ పూస నుంచి ఆ పూసకు వెళ్ళింది. వెచ్చదనం తగ్గింది. సంచి లోపలికి వచ్చింది. దీన్ని నామధర అంటారు. కాకరకాయలకే కాదు, పుట్టినరోజు చీరకూ, పెళ్ళికానుకకూ, పొరుగింటి నుంచి వచ్చే గిన్నెడు పులుసుకూ నామధర ఉండాల్సిందే. ఊరికే ఇస్తున్నానని ఎవరన్నా అంటే, అన్నవాడే ముందు సిగ్గుపడే కాలం అది.

"నస అనమాకమ్మా," అన్నాడు రత్నబాబు. "అది లేకపోతే మనల్ని నిలువునా దోచుకుపోతారు. ఆ మధ్య ఎండాకాలంలో ఎవరో మోసగత్తె వచ్చింది చూడు, దాన్ని గేటు కాడే ఆపేసింది. బాల్కనీలోంచి చూశా నేను. అంత ఎండలో నిలబడి చేతులూపింది గానీ గేటు మాత్రం కదల్లా. శభాష్ అనుకున్నా."

లోపల కాఫీ తాగుతున్న హిమజ ఆ మాట విని నవ్వుకుంది. కావలి సంస్థలో పెద్ద ఉద్యోగం ఆమెది. తెనాలిలో తన తండ్రి కన్నా గట్టిగా కావలిని నమ్మే మనిషి ఇంకొకడు ఉండడని ఆమెకు తెలుసు.

పూస చేసే పని చిన్నదే. మనిషికి వచ్చే ప్రతి జాబునూ, ప్రతి పిలుపునూ ముందు అది చదువుతుంది. పచ్చవైతే పంపిస్తుంది. అనుమానమైతే హెచ్చరిస్తుంది. మోసమని తేలిన ఎర్రజాబైతే అడ్డుగదిలో పడేసి ఊరుకుంటుంది. ఎవరికి వచ్చిందో వారికి చెప్పదు, చెబితే కుతూహలం కొద్దీ తెరుస్తారని. పంపినవారికి మాత్రం "చేరింది" అని చూపిస్తుంది, ఆపామని తెలిస్తే దొంగలు మాట మార్చి మళ్ళీ వస్తారని. ఎర్రజాబులు పదేపదే పంపిన మనిషి నమ్మిక రంగు కూడా ఎర్రబడుతుంది. ఆ రంగును గేట్లు చదువుతాయి, దుకాణాలు చదువుతాయి, ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు మరీ శ్రద్ధగా చదువుతారు. ఇంత చేశాక దొంగలు పోయారు. నిజంగానే పోయారు, ఆ మాట ఒప్పుకుని తీరాలి.

రత్నబాబు ఒకప్పుడు పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. పద్యం ఎత్తుకుంటే ఆఖరి వరసలో చాపల మీద నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. సొంతంగా చిన్న నాటక సమాజం పెట్టుకోవాలనీ, దానికొక హార్మోనియం కొనాలనీ ఆశపడే రోజుల్లో ఆయనకొక జాబు వచ్చింది. ఎవరో సంగీతం మాస్టారి భార్య రాసింది. భర్త పోయాడట, ఇల్లు మారుతోందట, కాళ్ళతో తొక్కే పెద్ద హార్మోనియం ఉందట, వాయించేవాళ్ళకి ఊరికే ఇస్తుందట, రవాణా ఖర్చు పెట్టుకుంటే చాలట. ఆయన కట్టాడు. తర్వాత దారిలో పాడవకుండా బీమా అన్నారు, కట్టాడు. ఇంకేదో అనుమతి అన్నారు, అదీ కట్టాడు. కూతురి చదువు కోసం దాచింది అయిపోయాక జాబులు ఆగిపోయాయి. హార్మోనియం రాలేదు. రాదని ఇంట్లో అందరికీ ఆయన కన్నా ముందే తెలిసింది.

డబ్బు పోయినందుకు కాదు, నవ్వినందుకు ఆయన కుంగిపోయాడు. తోటి నటులు మేకప్ గదిలో "రత్నబాబూ, పెట్టె వచ్చిందా?" అని రోజూ అడిగేవాళ్ళు. ఒక రాత్రి స్టేజీ మీద హాస్యగాడు ఆ మాటను నాటకంలోనే కలిపేశాడు. జనం విరగబడి నవ్వారు. రత్నబాబు పాడుతున్న పద్యం సగంలో ఆపి కిరీటం తీసేశాడు. మళ్ళీ పాడలేదు.

ఆ రోజు నవ్వనివాడు ఒక్క ఏడుకొండలే. వాళ్ళ నాటక సమాజానికి హార్మోనిస్టు. ఇద్దరికీ చుట్టరికం లేకపోయినా "బావా" అని పిలుచుకునేవాళ్ళు. ఏడుకొండలు ఆ రాత్రే ఆయన భుజం మీద చెయ్యి వేసి, "నువ్వింక ఎవరినీ అడగమాక బావా. నా తర్వాత నా పెట్టె నీదే," అన్నాడు. రత్నబాబు దాచుకున్నది ఆ ఒక్క మాటే.

హిమజ ఆ నవ్వు విన్నది. ముందు వరసలో కూర్చుని విన్నది. పెద్దయ్యాక కావలి సంస్థలో చేరి, ఇంకెవరి తండ్రీ అలా నవ్వులపాలు కాకూడదని మొట్టమొదట రాసిన నియమానికి వాద్యసూత్రం అని పేరు పెట్టింది. రత్నబాబు దాన్ని ఇంటికొచ్చిన ప్రతివాడికీ అప్పజెబుతాడు.

స్వరూప వెళ్ళాక ఆయన కాకరకాయలు తరగడానికి కూర్చున్నాడు. రెండు కాయలు తరిగాడు. తర్వాత తల ఎత్తకుండా అన్నాడు.

"ఏడుకొండలు పోయాడంట."

హిమజ కప్పు కింద పెట్టింది. "ఎవరు చెప్పారు నాన్నా?"

"నిన్న బజార్లో మన డోలక్ సుందరం కనపడ్డాడు. ఎండాకాలంలోనే పోయాడంట. వానలు కూడా పడిపోయినయ్యి. వాళ్ళావిడ మల్లేశ్వరి ఒక్క ముక్క చెప్పి పంపలా."

"చెప్పకుండా ఎలా ఉంటుంది? అత్తయ్య అలాంటి మనిషి కాదే."

"పెట్టె ఎవరికో ఇచ్చుంటారులే. అడుగుతానని భయపడ్డారేమో." ఆయన కత్తి ఆపాడు. "నన్ను చూసి నవ్వనోడు అతనొక్కడే అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. అతను కూడా లోపల నవ్వుకున్నాడేమో, ఎవడికి తెలుసు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే హిమజ తట్టుకునేది.

ఆఫీసుకి వెళ్ళాక ఆమె చేసిన మొదటి పని తండ్రి అడ్డుగది తెరవడం. మామూలు మనుషులెవరూ తెరవరు. తెరవాలంటే కారణం రాయాలి, రాస్తే రంగు కొంచెం మసకబారుతుంది. నియమం రాసినవాళ్ళకు ఆ ఇబ్బంది లేదు.

మల్లేశ్వరి జాబులు అక్కడే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి.

"అన్నయ్యా, మీ బావ పోయారు. పోయే ముందు పెట్టె మీకే అప్పజెప్పమన్నారు. డబ్బులేమీ వద్దు. మన పద్ధతి మీకు తెలిసిందే, బండి కిరాయి మాత్రం మీదే. ఒక్కదాన్నే ఈ ఇంట్లో ఎన్నాళ్ళుంటానో తెలియదు. త్వరగా రండి."

దాని పక్కన కావలి రాసుకున్నది ఉంది. చనిపోయిన మనిషి ప్రస్తావన. బంధుత్వపు పిలుపు. ఉచితంగా వాద్యం. రవాణా ఖర్చు పుచ్చుకునేవారిది. తొందరపెట్టడం. నిర్ణయం: మోసం. ఆధారం: వాద్యసూత్రం. కింద సూత్రం రాసిన మనిషి పేరు కూడా ఉంది. హిమజ తన పేరు తనే ఎవరిదో అన్నట్టు చదువుకుంది.

బండి కిరాయి సంగతి ఆమెకు తెలియనిది కాదు. చిన్నప్పుడు వింటూ పెరిగింది. నాటక సమాజాల్లో హార్మోనిస్టు పెట్టెను అమ్మరు. రూపాయికైనా సరే, ధర కట్టకూడదు. వాయించినవాడు పోతే పాటగాడికో, శిష్యుడికో ఇచ్చేస్తారు. అయితే పుచ్చుకునేవాడు తనే వచ్చి, తన బండి మీద, తన కిరాయితో తీసుకుపోవాలి. ఇచ్చేవాళ్ళు మోసుకొచ్చి గుమ్మంలో దింపితే అది దానమవుతుంది, కళాకారుడు దానం పట్టకూడదు అని ఏడుకొండలు చెప్పేవాడు. సూత్రం రాసేటప్పుడు ఈ పద్ధతి ఆమెకు గుర్తు రాలేదు. ముందు వరసలో విన్న నవ్వు మాత్రమే గుర్తుంది.

ఆ సూత్రం కోసం ఆమె మోసగాళ్ళ జాబులు వందల కొద్దీ చదివింది. అన్నీ ఒకేలా ఉన్నాయని అప్పట్లో సంతోషపడింది, పట్టుకోవడం తేలికని. ఎందుకు ఒకేలా ఉన్నాయని అడగలేదు. ఆ మాటలు దొంగలు కూర్చుని కల్పించినవి కావు. భర్త పోయి, ఇల్లు చెదిరి, ఆయన వాయించిన వస్తువును ఏం చెయ్యాలో తెలియని ఆడవాళ్ళు నిజంగా రాసుకున్న మాటల్నే ఎత్తుకొచ్చారు. కావలి వాటిని దొంగల దగ్గర నుంచి లాక్కుంది. సొంతదారులకు తిరిగి ఇవ్వలేదు.

ఆమె సెలవు పెట్టి, అద్దెబండి మాట్లాడుకుని రేపల్లె బయలుదేరింది. తండ్రికి కబురు పంపలేదు. ఈ విషయం మీద ఏం పంపినా ఎక్కడ పడుతుందో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. దారిలో ఒక కొట్టు దగ్గర బండి ఆపి పెట్టె మీద కప్పడానికి కొత్త దుప్పటి కొంది.

మల్లేశ్వరి పాత ఇంట్లో లేదు. వాళ్ళ చెల్లెలి ఇంటి వెనక గదిలో ఉంది. తలుపు సగమే తీసి, వచ్చిందెవరో పరకాయించి చూసింది.

"హిమజవి కదూ?"

"అవునత్తయ్యా."

"ఇప్పుడొచ్చావా?" అంది మల్లేశ్వరి. తిట్టినట్టు లేదు, నిజంగానే అడిగినట్టుంది. గదిలో ఒక మంచం, ఒక స్టూలు ఉన్నాయి. స్టూలు హిమజకిచ్చి తను మంచం మీద కూర్చుంది. "మీ నాన్న బాగున్నాడా?"

"నాన్నకి మీ జాబులు అందలేదత్తయ్యా. ఒక్కటి కూడా."

"చేరిందని వచ్చిందమ్మా. రాసినప్పుడల్లా చేరింది, చేరింది అనే వచ్చింది."

హిమజ ఎలా చెప్పాలో అలా చెప్పింది. పూస ఎందుకు ఆపిందో, ఎవరు రాసిన సూత్రం ప్రకారం ఆపిందో కూడా దాచలేదు.  మల్లేశ్వరి చీర కొంగు అంచును వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ విన్నది.

"అదా సంగతి," అంది చివరికి. "మందుల కొట్టువాడు ఉన్నట్టుండి వెనక్కి పంపాడు. ఎందుకయ్యా అంటే నా రంగు బాగా లేదన్నాడు. తర్వాత ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడు. పాతికేళ్ళున్నాం ఆ ఇంట్లో. ఆయన బతికుంటే అడిగేవాడు, మేమేం దొంగతనం చేశామో చెప్పండయ్యా అని. నాకు అడగటం చేతకాలా."

"మీరు మా ఇంటికి రావాల్సింది అత్తయ్యా."

"వచ్చానమ్మా."

హిమజ తలెత్తింది.

"మావారి పెద్దకర్మ అయ్యాక వచ్చా. పెట్టె మనం మోసుకెళ్ళకూడదు గానీ, మనిషి వెళ్ళి పిలవచ్చుగా అనుకున్నా. మీ గేటు తెరుచుకోలా. పైన బాల్కనీలో అన్నయ్య నిలబడే ఉన్నాడు. చెయ్యి ఊపా. మళ్ళీ ఊపా. చూశాడు, చూసి లోపలికి పోయాడు." ఆమె కొంగు వదిలేసింది. "నాకు చానా కోపమొచ్చిందమ్మా, అబద్ధమెందుకు. పోయినాయన మాటంటే ఇంత లెక్కలేకపోయిందా అనుకున్నా. ఆ కోపంలోనే ధర పెట్టేశా."

"పెట్టెకా?"

"ఈ గదిలో అది పట్టదు. మా చెల్లెలు కూడా ఎన్నాళ్ళని ఊరుకుంటుంది? ఊరికే ఇస్తానంటే ఇన్నాళ్ళూ ఈగ కూడా వాలలేదా, ధర పెట్టాను, ఆ పూటే మనిషొచ్చాడు. బైపాసు మీద కొత్త హోటలు ఉందే, ఆళ్ళు. లోపల బరువెక్కువుందని మా వాకిట్లోనే స్వరం పలికే రీడ్లన్నీ ఊడబీకి గోతంలో వేశారు. ఇప్పుడు దాని మీద పూలకుండీ పెట్టుకున్నారంట."

హిమజ ఏడ్చింది. మల్లేశ్వరి ఏడవలేదు. ఆమె లేచి, మంచం కింద ట్రంకు పెట్టెలోంచి గుడ్డముక్కలో చుట్టిన చిన్న ఇత్తడి రీడు తీసింది. చిటికెన వేలంత కూడా లేదు.

"ఇదొక్కటి అడిగి తీసుకున్నా. పై షడ్జమం. మీ నాన్న పద్యం ఎత్తుకుని పైకి పోయేసరికి ఇది కొంచెం బొంగురుపోయేది. మార్పించమని అందరూ అనేవాళ్ళు. మావారు వినలా. బావకి దీంతో అలవాటైంది, మారిస్తే పద్యం తడబడతాడు అనేవాడు." గుడ్డతో సహా హిమజ చేతిలో పెట్టింది. "ఇది అమ్మలా. ఇది ఊరికే ఇస్తున్నా. బండి కిరాయి నువ్వే పెట్టుకొచ్చావుగా, పద్ధతి ప్రకారమే తీసుకుపోతున్నావు."

"నాతో రండి అత్తయ్యా. మీరే నాన్న చేతికివ్వండి. మీ రంగు నేను మార్పిస్తాను."

"మార్పించమ్మా, మందులన్నా దొరుకుతాయి," అంది మల్లేశ్వరి. "ఆ గేటు కాడికి మాత్రం నేను రాను."

హిమజ ఇల్లు చేరేసరికి పొద్దువాలుతోంది. రత్నబాబు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె ఆయన కాళ్ళ దగ్గర కింద కూర్చుని మొత్తం చెప్పింది. ఏడుకొండలు మాట తప్పలేదని చెప్పింది. పోయేముందు కూడా బావకే ఇవ్వమన్నాడని చెప్పింది. జాబులు కావలి ఆపేసిందని చెప్పింది.

ఆమె చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి చెవి వెనక్కి పోతూనే ఉంది. పూస వెచ్చబడుతోందనీ, ఏమంటోందో కూడా ఆమెకు అర్థమైంది. మాట్లాడుతున్నది మీ కుమార్తె, విషయం ఎరుపు, దయచేసి ఆగండి. ఆ మాటలు కూర్చింది కూడా ఆమే.

"దాన్ని తీసెయ్ నాన్నా, ఒక్క నిమిషం."

ఆయన తియ్యలేదు. "ఎండాకాలంలో గేటు కాడికొచ్చినామె మల్లేశ్వరి అంటావు," అన్నాడు నెమ్మదిగా.

"అవును నాన్నా."

రత్నబాబు రెయిలింగు మీదుగా కిందికి చూశాడు. గేటు మూసే ఉంది. దాని ముందు నీడపట్టు అంటూ ఏదీ లేదు. ఆయన చాలాసేపు అటే చూశాడు.

"కాదు," అన్నాడు. "మల్లేశ్వరి అయితే నేను గుర్తుపట్టనా? ఎన్నిసార్లు అన్నం పెట్టింది ఆమె. అంత ఎండలో నిలబెట్టి లోపలికి పోతానా నేను?"

"అంత ఎత్తు నుంచి నీకు కనపడలేదు నాన్నా. నీ తప్పు కాదు."

"నిన్ను కూడా మోసగాళ్ళు పట్టారన్నమాట." ఆయన గొంతు జాలిగా మారింది. కూతురి తల నిమిరాడు. "నీ తప్పేం లేదులే తల్లీ. నాకూ అప్పుడు ఇట్టాగే అనిపించింది, అంతా నిజమేనని. నువ్వే కదా నాకు నేర్పింది. పోయినోళ్ళ పేరు చెబుతారు. చుట్టరికం కలుపుతారు. వాయిద్యం ఊరికే ఇస్తామంటారు. బండి కిరాయి మాత్రం మీదే అంటారు. తొందరగా రమ్మంటారు. ఒక్కటన్నా తప్పిందా చెప్పు?"

 హిమజ గుడ్డ విప్పి రీడు ఆయన అరచేతిలో పెట్టింది.

ఆయన దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. పెదవుల దగ్గర ఆనించి మెల్లగా ఊదాడు. సన్నటి స్వరం ఒకటి పలికింది. చివర్లో కొంచెం బొంగురుపోయింది. రత్నబాబు కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ఊదాడు. ఆయన వీపు నిటారుగా అయింది, కంఠం కదిలింది, కుడిచెయ్యి తనంతట తనే గాలిలోకి లేచింది. పాడతాడనుకుంది హిమజ. 

ఆయన కళ్ళు తెరిచాడు. తడిగా ఉన్నాయి.

"ఎంత బాగా చేస్తున్నారమ్మా ఈ రోజుల్లో," అన్నాడు. "అచ్చం అదే బొంగురు."

లేచిన చెయ్యి దింపాడు. రీడును మళ్ళీ గుడ్డలో చుట్టి, జాగ్రత్తగా కూతురి చేతిలో పెట్టి ఆమె వేళ్ళు మూశాడు.

"రేపు ఆఫీసుకి పట్టుకెళ్ళు. ఇది కూడా కావలికి నేర్పండి. ఇంకెవరూ మోసపోకుండా ఉంటారు."